శకుంతలమ్మ కొలత తాడు

కనకమామిడిలో శకుంతలమ్మ దొడ్డి చూరుకు ఒక తాడు వేలాడుతుండేది. అత్తగారి కాలం నాటి పద్ధతి అది. బర్రె మొదటిసారి చూడి కట్టినప్పుడు దాని ఛాతీ చుట్టూ తాడు పట్టి ముడి వేస్తారు. దాని కడుపున పుట్టిన పడ్డ ఆ ముడిని అందుకునేదాకా దున్నపోతు దగ్గరికి తోలరు. ఎవరి మాటా వినని మొండి మనిషి శకుంతలమ్మ తాడు మాట మాత్రం జవదాటేది కాదు.

పోయినేడు పెద్ద బర్రె పాము కరిచి చచ్చిపోయింది. మిగిలింది ఏడాది నిండని దాని పడ్డ ఒక్కటే. అది ఈనితేనే దొడ్డిలో మళ్లీ పాడి, లేకుంటే నలభై ఏళ్ల పాడికి అదే ఆఖరు. మూడేళ్లు ఆగాలంటే ఆమెకు ప్రాణం ఒప్పలేదు. మొయినాబాద్‌లో దాణా దుకాణం నడిపే కల్యాణ్ ఆ తొందరను ఇట్టే పసిగట్టాడు.

"హార్మోన్ సూదులున్నయి అవ్వా. నెలకొకటి ఇప్పియ్యి, జల్ది తల్లంత అయితది. ఫికర్ వద్దు."

ఇప్పించింది. ఉగాదికల్లా పడ్డ ముడిని అందుకుంది. కనబడ్డవాళ్లనల్లా పిలిచి చూపించుకుంది పిచ్చితల్లి. కానీ ఆరు నెలలైనా పడ్డ ఎదకు రాలేదు. చివరికి పశువుల డాక్టరు సంజన చేవెళ్ల నుంచి వచ్చి పరీక్ష చేసింది.

"ఒళ్లు పెరిగింది గని గర్భసంచి చిన్నపిల్లది లెక్కనే ఉన్నదమ్మా. ఆ సూదులు దాన్ని ఎదగనియ్యలే. ఇగ చూడి కడతదని ఆశ పెట్టుకోకు."

"తాడుకు సరిపోయింది గద బిడ్డా?"

"తాడుకు వయసెట్ల తెలుస్తది?"

శకుంతలమ్మకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మనసు మొద్దుబారిపోయింది. తిన్నదో లేదో తెలియకుండా రోజులు గడిచాయి. కల్యాణ్ ఎదురుపడితే తిట్టాలని కూడా తోచలేదు.

పక్క ఫామ్‌హౌస్ ఆయన వచ్చి, పాలివ్వకపోయినా పర్వాలేదు, పిల్లలు చూసి సంబరపడతారు, పడ్డను తనకిమ్మన్నాడు. తలూపింది. కట్టుకుపోవడానికి తాడు అడిగితే చూరుకున్నదే తీసి మెడకు కట్టింది. ఇక కొలవడానికి ఎవరున్నారు?

ఫామ్‌హౌస్ గేటు దాకా తానే నడిపించింది. అక్కడ పడ్డ ఆగి, ఆమె బొటనవేలు నోట్లోకి తీసుకుని చీకసాగింది. చూస్తే తల్లంత ఉంది, ఇంకా పాలు వెతుక్కుంటోంది.

శకుంతలమ్మ చేయి గుంజుకోలేదు. వాళ్లు పడ్డను లోపలికి తోలుకుపోయి గేటు వేసిన తర్వాత కూడా ఆ చేతిని అట్లాగే చాపి నిలబడింది.