సంపూర్ణమ్మ పంపిన లింకు

పాలకొల్లు అవతల మా మామ్మ సంపూర్ణమ్మ కౌలుకు చేసే రొయ్యల చెరువుంది. ఆవిడకి దేవుడి మీద ఎంత నమ్మకమో రొయ్యల మీద అంత అనుమానం. చర్చిలో ప్రార్థన జరుగుతున్నా ఒక కన్ను ఫోన్ మీదే. నీళ్ళకి గాలినిచ్చే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో అందులో కనిపిస్తుంది. తిప్పాలన్నా ఆపాలన్నా ఒకటే ఎర్ర బొత్తం. ఆ ఏర్పాటు చేసింది తాడేపల్లిగూడెం ఆరోన్. నేను డిగ్రీ మధ్యలో మానేశాను కాబట్టి ఇంట్లో కంప్యూటర్ శాఖ నాది.

రొయ్యల పట్టుబడికి ఇంకో వారం ఉందనగా ముసురు పట్టింది. మబ్బు రోజుల్లో నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువ. ఆ మధ్యాహ్నం ఏరియేటర్లు ఆగిపోయాయి. అలాగే ఉంటే సాయంత్రానికి రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. ఇంట్లోంచే ఫోన్‌లో నొక్కాను. తిరిగాయి. కాసేపటికి మళ్ళీ ఆగాయి. పక్క చెరువువాళ్ళ పనేనని మామ్మ పాస్‌వర్డ్ మార్పించింది. మళ్ళీ తిప్పాను. కొత్తది ఆవిడకి నోరు తిరిగేలోపే ఇంకోసారి ఆగాయి.

ఆరోన్‌కి ఫోన్ చేశాం.

"చాలా ఫోన్ల నుంచి నొక్కుతున్నారండి మామ్మగారూ. లింకు ఎవరికైనా పంపారా?"

మామ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది. నేను ఆవిడ ఫోన్ లాక్కుని చూశాను. చర్చి స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో, మా రొయ్యల కోసం ప్రార్థించండి అంటూ ఆ లింకు. దాని కింద రూతమ్మగారి జవాబు: ప్రార్థించి నొక్కాను అక్కా. ఆవిడ వెనకే మరికొందరు. ఆ ఎర్ర బొత్తం ఆమెన్ అన్నాక నొక్కేదనుకున్నారు.

మామ్మ పాస్‌వర్డ్ మర్చిపోతుందని, లింకు చివరే టోకెన్ పెట్టేశానని ఆరోన్ నసిగాడు. అది చేతిలో ఉన్నవాళ్ళని సర్వర్ ఎవరని అడగదట. పాస్‌వర్డ్ మార్చినా, ఇదివరకు ఇచ్చిన టోకెన్ గడువు తీరేదాకా చెల్లుతుందట.

ఎవరూ నొక్కొద్దని గ్రూపులో పెడదామన్నాను.

"ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా ఉన్నదెవరే, ఏదెను తోట నుంచీ," అంది మామ్మ.

మిగిలింది ఒక్కటే దారి. సర్వర్ రహస్య తాళం మారిస్తే పాత టోకెన్లన్నీ ఒక్కసారే చెల్లకుండా పోతాయి. మనదీ పోతుంది, గట్టు మీద మోటార్లని నడిపే పెట్టెదీ పోతుంది. ఆరోన్ వచ్చి కొత్తవి ఇచ్చేదాకా ఫోన్ పనికిరాదు, చేత్తోనే నడపాలి. ఏం చెయ్యమంటారని అడిగాడు.

"అందరినీ గెంటెయ్ నాయనా. మమ్మల్ని కూడా."

వానలో స్కూటీ మీద ఇద్దరం వెళ్ళాం. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. గట్టు వారన రొయ్యలు మీసాలు పైకి పెట్టి తేలుతున్నాయి. మామ్మ స్టార్టర్ నొక్కింది. మోటారు మూలిగి ఆగింది. మళ్ళీ నొక్కింది. ఎప్పుడూ నా మీద జోకులేసే మనిషి పెదాలు బిగించి మూడోసారి నొక్కింది. చక్రాలు నీళ్ళు చిమ్మాయి. రొయ్యలు బతికున్నాయో లేదో చూడ్డానికి మేత పళ్ళెం పైకి లాగాం. చాలాసేపు ఏదీ కదల్లేదు. తర్వాత ఒకటి ఎగిరింది, ఇంకోటి మామ్మ ముఖానికే తగిలింది. తుడుచుకోలేదు.

చీకటి పడకముందే ఆరోన్ తడిసి ముద్దై వచ్చాడు. కొత్త టోకెన్ ఎవరి ఫోన్‌లో పెట్టమంటారని మామ్మని అడిగాడు.

"దీని ఫోన్‌లో పెట్టు," అంది నన్ను చూపించి. "దీనికి ప్రార్థన చేసే స్నేహితులెవరూ లేరు."