నాన్న కారుకు వ్యాను యాక్సిల్

ఇవాళ సుంగై పెటానీలో ఒకాయన పాత కారు వెనక చక్రాలు జాకీల మీద లేపి, టైరుకు సుద్దగీత పెట్టి తిప్పుతున్నాడు. గేరు నూనె వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి.

బాగన్ దాతుక్ కొబ్బరితోటలో నాతో పెరిగినవాళ్లారా, మా నాన్న బాడుగ కారు గుర్తుందా? దాని వెనక యాక్సిల్ విరిగితే, పాత ఇనప కొట్లో దొరికినదాన్ని నాన్నే బిగించాడు. అలాంటి పనివాడు మన తోటలో ఇంకొకడు లేడు. నిండు చూలాలైన అమ్మ ఒక చక్రం, నేను ఇంకో చక్రం కలిపి ఒక్క చుట్టు తిప్పాం. కింద పడుకున్న నాన్న ఇంజను నుంచి యాక్సిల్‌కు వచ్చే షాఫ్టు చుట్లు లెక్కపెట్టాడు. కారుకైతే నాలుగు రావాలి, ఐదు దాటాయి.

"ఇది వేనుదే. ఇంజను అరుస్తాది గానీ బండి పరిగెట్టదు."

"నడుస్తాదా?"

"నడుస్తాది."

"అయితే సాలు మావా."

ఆ వారమే అమ్మకు నొప్పులొచ్చాయి. ఆసుపత్రి దారిలో నాన్న ఎంత తొక్కినా అరుపే తప్ప వేగం లేదు. అమ్మ చీర రక్తంతో తడిసిపోతోంది. నా చెయ్యి పట్టుకునే, "ఏటి మావా, నానేడవాల గానీ నీ బండేటి ఏడుస్తంది?" అంది. నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను.

మా నవ్వు ఆగేసరికి అమ్మ చెయ్యి నా చేతిలో బరువెక్కింది. నాన్న ఇంకా తొక్కుతూనే ఉన్నాడు.