కాటారంలో ఒక గ్రీకు వాక్యం

గ్రీకు భాష నేర్చుకోవడానికి కాటారం వెళ్తున్నానంటే మా నర్సింగ్ హోమ్‌లో అందరూ నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. మాది మహబూబాబాద్, ఉద్యోగం జనగామలో. సైప్రస్‌లో ఒక ముసలావిడను చూసుకునే పని దాదాపు కుదిరింది. ఆవిడకు గ్రీకు తప్ప మరో మాట రాదు. శనివారం వీడియో కాల్‌లో నన్ను చూసి ఆవిడ సరేనంటే వీసా కాగితాలు పంపుతారు, లేదంటే ఇంకొకరిని వెతుక్కుంటారు. నాకు ఈ ఉద్యోగం కావాలి, అందులో దాపరికమేమీ లేదు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని కుస్తీ పడితే ‘ఆపిల్ ఎర్రగా ఉంది’ అనడం వచ్చింది. ఆ ముక్కతో ఏ ముసలావిడను చూసుకోగలను? అదే ఇంట్లో ఎనిమిదేళ్లు పనిచేసి, నడుము పట్టేయడంతో తిరిగొచ్చిన మరియమ్మక్క కాటారంలో ఉంది. వాళ్లకు నా గురించి చెప్పింది కూడా ఆమే. ఆ కాల్ తన ఇంటి నుంచే చేద్దాం, పొద్దున్నే వచ్చేయమంది.

తెల్లవారుతుండగా జనగామలో వరంగల్ వైపు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటన్నరలో హనుమకొండలో ఉన్నాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. మగవాళ్లు రానూపోనూ ఐదారు వందలు దగ్గర పెట్టుకోవాలి. హనుమకొండలో ఏ బస్సు ముందు కదిలితే అదే మంచిదనుకుని భూపాలపల్లి బస్సెక్కాను. పరకాల మీదుగా రెండు గంటలు. పక్క సీటులో కూర్చున్న అవ్వ నేను గొణుగుతున్న గ్రీకు విని, ప్రార్థన చేసుకుంటున్నాననుకుని పాపం దారంతా నన్ను పలకరించనే లేదు. భూపాలపల్లిలో ఇడ్లీ, చాయ్ ముగించి మళ్లీ బస్సు కోసం నిలబడ్డాను. అది వచ్చేసరికి ముప్పావు గంట. కండక్టర్ నా సంగతి విని, “హనుమకొండలనే కాళేశ్వరం బస్సు ఎక్కకపోయినవా బిడ్డా, నేరుగ కాటారంల దిగుదువు” అన్నాడు. తెలివి ఎక్కువైతే ఇంతే.

మరియమ్మక్క ఇల్లు బస్టాండుకు నడిచే దూరమే. చాయ్ తాగడం అయ్యీ కాకముందే పాఠం మొదలు పెట్టింది. నేను బ్యాగులోంచి పుస్తకం తీయబోతే వద్దంది.

“ఒక్క ముచ్చట చాలు చెల్లె. మరియ నీళ్లు తెస్తది. ఎనిమిదేండ్లు నేను చేసింది గదే.”

గ్రీకులో అది ‘ఈ మరియా ఫెర్ని నెరో’. నెరో అంటే నీళ్లు. ముందున్న ‘ఈ’ మన ‘ఈ’ కాదు, ఆడవాళ్ల పేరుకు తగిలించే చిన్న మాట. మగవాళ్లకైతే ‘ఓ’, నీళ్ల లాంటి వాటికి ‘తో’. పేరుకు కూడా ఇలా తగిలించకపోతే వాళ్లకు వెలితిగా ఉంటుందట. ఇక ‘ఫెర్ని’ దగ్గర నాకు ప్రాణం లేచివచ్చింది. ఫెర్నో అంటే తెస్తాను, ఫెర్నిస్ అంటే తెస్తావు, ఫెర్ని అంటే తెస్తుంది. మనలాగే క్రియ చివర చూస్తే చాలు, చేసేదెవరో తెలిసిపోతుంది, నేను, నువ్వు అని విడిగా చెప్పనక్కర్లేదు. పైగా తెస్తాడు, తెస్తుంది అనే తేడా కూడా లేదు, ఇద్దరికీ ఫెర్నియే. అవ్వ మరియను పిలుస్తుంది అనాలంటే మనం పేరు వెనక ‘ను’ చేరుస్తాం, వాళ్లు పేరు ముందున్న ‘ఈ’ని ‘తి’గా మారుస్తారు. ‘ఈ యాయా ఫొనాజి తి మరియా’. యాయా అంటే అవ్వ, ఆ ముసలావిడను అక్క పిలిచేది అలాగే. నెల రోజులు యాప్‌లో తన్నుకున్నది పప్పుచారు పోపు వేసేలోపే తలకెక్కింది. సైప్రస్ యాసకు ఏథెన్స్ వాళ్లు నవ్వుతారని కూడా అక్క చెప్పింది. సినిమాల్లో మన తెలంగాణ మాటకు జరిగిన మర్యాద గుర్తొచ్చి, వెళ్లకముందే ఆ దీవి మీద నాకు అభిమానం పుట్టింది.

భోజనాలయ్యాక అక్క అసలు విషయం చెప్పింది. తను వచ్చేశాక ఆ ఇంట్లో ఇద్దరమ్మాయిలు చేరారట. మరియ ఏదని అడిగి అడిగి యాయా ఇద్దరినీ వెళ్లగొట్టిందట. అందుకే కాల్‌లో కనబడొద్దని, గొంతు కూడా వినబడొద్దని యాయా కూతురు అక్కకు గట్టిగా చెప్పింది.

నాలుగింటికి కాల్ కలిసింది. అక్క ఫోన్‌కు వెనకవైపు, నాకెదురుగా నేల మీద కూర్చుంది. కూతురు ఇంగ్లిష్‌లో నా పని అనుభవం అడిగింది, తడుముకోకుండా చెప్పాను. తర్వాత ఫోన్ యాయా వైపు తిప్పింది. తెల్లటి జుట్టు, కోపంగా చూసే కళ్లు. “ఫెర్నో నెరో, యాయా” అన్నాను. నీళ్లు తెస్తాను అవ్వా అని. ఆవిడ నన్ను కాసేపు చూసి, చాలా నెమ్మదిగా అడిగింది.

“పూ ఈనె ఈ మరియా?”

మరియ ఎక్కడ? ఎవరూ చెప్పకుండానే అర్థమైన నా మొదటి గ్రీకు మాట అదే. అర్థం కానట్టు ఉండిపోవచ్చు, ఒక్క పూట చదువుకు ఎవరూ తప్పుపట్టరు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, వద్దు వద్దని తల ఊపుతోంది. కళ్లు మాత్రం ఆ గొంతు వస్తున్న వైపే ఉన్నాయి. ఉద్యోగం పోతే పోయిందని ఫోన్ అక్క వైపు తిప్పాను.

యాయా ముందుకు వంగి అక్కను చూసింది. తర్వాత తిట్లు మొదలయ్యాయి. తిట్లని చెప్పడానికి ఏ వ్యాకరణమూ అక్కర్లేదు. అక్క ఏడుస్తూ, నవ్వుతూ, నడుము చూపిస్తూ జవాబులు చెప్పింది. కొంతసేపటికి నా భుజం పట్టి పక్కకు లాక్కుని, నేను తన చెల్లెలినని చెప్పింది. ఆవిడ ఏదో గట్టిగా తీర్మానించింది. నేను అక్క ముఖం చూశాను.

“నిన్ను రమ్మంటుంది. కానీ రోజు గిట్లనే నన్ను సూపియ్యాల్నంట.”

ఇది జరిగి మూడు వారాలు. నా వీసా కాగితాలు నడుస్తున్నాయి. భాష వస్తే పని దొరుకుతుందని అక్కడికి వెళ్లాను. అర్థమయ్యాక ఊరుకోవడం ఎంత కష్టమో కూడా తెలిసింది, అందుకు నాకు సంతోషమే. మరియమ్మక్క దగ్గర నేర్చుకోవాలనుకునేవారికి ఒక్కటే సలహా: హనుమకొండలో నేరుగా కాళేశ్వరం బస్సెక్కి, మధ్యాహ్నంలోపే కాటారం చేరుకోండి. నేను వెళ్లేదాకా ఆగలేక అక్క ఇప్పుడు తనే రోజూ నాలుగింటికి ఫోన్ చేస్తోంది. ఆ తర్వాత ఆమె మీకు దొరకదు. ఆ గంట యాయాది.