పెట్రోలు బంకు మీద మా ఇల్లు

దోహాలో నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి చెప్పబోయి నేను చాలాసార్లు ఓడిపోయాను. కంప్యూటర్లో ఇళ్ళు గీస్తానంటే ఇంజనీరనుకుంది. కట్టేసిన ఇళ్ళనే గీస్తానంటే, కట్టినంక మళ్ళీ గీసుడెందుకని అడిగింది. ఆ ప్రశ్నకు మా కంపెనీలో కూడా ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. చివరికి ఆవిడే తేల్చేసి, మా అల్లుడు దుబాయ్‌ల ఇండ్ల లెక్క రాస్తడని జగిత్యాలలో వాడకట్టంతా చెప్పుకుంది. ఖతర్ వేరు, దుబాయ్ వేరు అని నేను సరిదిద్దడం ఎప్పుడో మానేశాను.

సంగతేమిటంటే, పెద్ద బిల్డింగులో ఒక్కో ఫ్లాటు ఒక్కొక్కరిది. ఇళ్ళకు విలువ కట్టేవాళ్ళకూ, అద్దె కాంట్రాక్టులు రిజిస్టర్ చేసేవాళ్ళకూ ఏ ఫ్లాటుకా ఫ్లాటు మ్యాపులో విడిగా కనబడాలి. ఎంత వైశాల్యం, ఎన్నో అంతస్తు, కిటికీలు ఎటువైపు, లోపల ఉండేది ఎవరు, ఇవన్నీ దానికి తగిలించి ఉండాలి. మ్యాపు చూస్తే బల్లపరుపు. పైనుంచి చూసినప్పుడు అన్ని అంతస్తులూ ఒకే గడిలో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. మౌసు నొక్కితే ఎవరి ఇల్లు తగులుతుందో దేవుడికే తెలియాలి.

అందుకని మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక్కో అంతస్తునూ బిల్డింగు మీదనుంచి తీసి, కాస్త ఈశాన్యానికి జరిపి, పక్కన పరుస్తాం. పైదాన్ని ఇంకాస్త జరిపి దాని పక్కన పరుస్తాం. డాబా మీద చీరలు ఆరేసినట్టే. ఆఫీసు గదిలో తెలుగువాళ్ళం నలుగురం ఉండేవాళ్ళం, దాన్ని ఆరేయడమనే అనేవాళ్ళం. ఆ టవరు ఆరేశావా అని ఒకరు అడిగితే, సగం ఆరేశాను, మిగతాది చాయ్ తాగొచ్చి ఆరేస్తానని ఇంకొకరు చెప్పేవారు. కొత్తగా చేరినవాళ్ళు మేము బట్టల షాపు గురించి మాట్లాడుకుంటున్నామనుకునేవారు.

సముద్రం ఒడ్డు టవర్లను ఆరేయడం సుఖం. పక్కనంతా నీళ్ళే కాబట్టి ఎంత పరిచినా చోటు ఉంటుంది. కోటీశ్వరుల పడకగదులన్నీ మా మ్యాపులో అలల మీద తేలుతుండేవి. అయినా ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే ప్రతి ఫ్లాటూ నిజంగా ఏ స్థలంలో ఉందో ఆ నంబరు మేము చేత్తో రాసేవాళ్ళం. ఇలా ఉండగా ఒక మీటింగు జరిగింది. చేత్తో రాస్తే తప్పులొస్తున్నాయనీ, ఇకమీదట గీత ఎక్కడ పడిందో చూసుకుని కంప్యూటరే ఆ స్థలం నంబరు తీసుకుంటుందనీ పెద్దలు తీర్మానించారు. తప్పులు చేసేది మనుషులేనని వాళ్ళకు గట్టి నమ్మకం. ఆ రోజు సమోసాలు మాత్రం చాలా బాగున్నాయి.

ఆ చలికాలమే నాకు జీతం పెరిగి, భార్యనూ కూతురినీ తెచ్చుకునే అర్హత వచ్చింది. అప్పటిదాకా ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో కంపెనీ ఇచ్చిన గదిలో మరో ఇద్దరితో ఉండేవాణ్ణి. ఆ దేశంలో పెళ్ళయిందా లేదా అన్నది ముఖ్యం కాదు. భార్య పక్కన లేకపోతే బ్యాచిలర్ కిందే లెక్క. ఒకటో తరగతికి వచ్చిన కూతురున్న నేను కూడా బ్యాచిలర్‌నే. వాళ్ళిద్దరినీ తెచ్చుకోవాలంటే ఫ్యామిలీ వీసా కావాలి, వీసాకు రిజిస్టరైన అద్దె కాంట్రాక్టు కావాలి. పాపకు దోహాలోని ఇండియన్ స్కూల్లో సీటు దొరికింది, ఏప్రిల్ ఆఖరులోగా గుర్తింపు కార్డు చూపించాలన్నారు. నా భార్య జగిత్యాలలో తను పాఠాలు చెప్పే స్కూల్లో మానేస్తానని చెప్పేసింది. బ్యాగులు సర్ది, తాళ్ళతో కట్టి హాల్లో పెట్టింది. రోజూ వీడియోలో నాకు ముందు ఆ బ్యాగులే కనబడేవి.

అల్ మన్సూరాలో ఒక పాత బిల్డింగు పై అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు చూశాను. వంటింట్లోకి పొద్దుటెండ పడుతుంది. బ్రోకరు చెప్పింది ఒకటే, ఇది ఫ్యామిలీ బిల్డింగు, ఫ్యామిలీ వచ్చేదాకా రాత్రి పడుకోవడానికి లేదు. సరేనని సంతకం పెట్టి, కాంట్రాక్టు పట్టుకుని రిజిస్టర్ చేయించడానికి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి నంబరు కొట్టింది, ఇంకోసారి కొట్టింది, పక్కనామెను పిలిచి చూపించింది. తర్వాత తెర నా వైపు తిప్పి, ఈ ఫ్లాటు పెట్రోలు బంకు స్థలంలో ఉంది సార్, అక్కడ కుటుంబాలు ఉండటానికి అనుమతి లేదు అని చాలా మర్యాదగా చెప్పింది.

చూశాను. అది మా మ్యాపే. అల్ మన్సూరాలో బిల్డింగుకూ బిల్డింగుకూ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటే గొప్ప. కింది అంతస్తులు ఎలాగో ఆ సందులోనూ వెనక ఖాళీ జాగాలోనూ సర్దుకున్నాయి. పై అంతస్తు దాకా వచ్చేసరికి చోటు అయిపోయి, పక్కనున్న పెట్రోలు బంకు మీద పడింది. కంప్యూటరు తనకు చెప్పిన ప్రకారం గీత పడిన చోటి నంబరు తీసుకుంది. ఎండ పడే ఆ వంటిల్లు సరిగ్గా డీజిల్ పంపు మీద ఉంది. ఆ అంతస్తులో మిగతావాళ్ళు అంతకుముందే రిజిస్టర్ చేయించుకున్నారు కాబట్టి, బంకు మీద కాపురముంటున్న సంగతి వాళ్ళకింకా తెలియదు.

నాకు నవ్వొచ్చింది. కౌంటర్లో అమ్మాయికి అర్థం కాలేదు. ఇది నా చేతిలో పని, ఆఫీసుకెళ్ళి రెండు నొక్కులు నొక్కితే అయిపోతుందని సంతోషంగా టాక్సీ ఎక్కాను.

అక్కడే పొరబడ్డాను. మ్యాపులో తప్పు దిద్దాలంటే బయటివాళ్ళెవరైనా అర్జీ పెట్టాలి. నేను అద్దెదారుగా అర్జీ పెట్టాను. అది కౌంటర్లన్నీ తిరిగి మర్నాడు మధ్యాహ్నానికి నా టేబుల్ మీదికే వచ్చింది. పంపినవాడి పేరూ, అందుకున్నవాడి పేరూ ఒకటే. సొంత వ్యవహారం సొంత చేత్తో ముట్టుకోకూడదని రూలు. ఆ రూలు మంచిదేనని నాకూ తెలుసు కాబట్టి ఇంకా మండింది. అర్జీని మా సూపర్‌వైజరుకు పంపాను. ఆయన మలయాళీ, మనిషి నిదానం, అప్పుడే సెలవు మీద ఊరెళ్ళాడు. తిరిగొచ్చాక శ్రద్ధగా చదివి, గీత జరపడానికి అభ్యంతరం లేదు గానీ ఆ ఫ్లాటు నిజంగా కుటుంబం ఉండే ఇల్లేనని ఎవరైనా వెళ్ళి చూసి రాయాలన్నాడు. బంకు పక్కన ఇల్లంటే సామాను దాచే గోడౌన్ కూడా కావచ్చునట.

ఇప్పుడు పరిస్థితి ఇది. ఇంట్లో కుటుంబం ఉంటేగానీ అది ఇల్లు కాదు. అది ఇల్లయితేగానీ నా కుటుంబానికి వీసా రాదు. వీసా వచ్చేదాకా నేనొక్కణ్ణీ వెళ్ళి ఉందామంటే, బ్యాచిలర్లకు ప్రవేశం లేదని కింద నాతూర్, అంటే బిల్డింగు కాపలావాడు, కుర్చీ వేసుకుని కూర్చునుంటాడు. రాత్రి ఎనిమిదయితే చాలు, పైకొచ్చి తలుపు కొట్టి, యల్లా భాయ్ అని చాలా ఆప్యాయంగా నన్ను నా ఇంట్లోంచి పంపించేసేవాడు.

ఏప్రిల్ వచ్చేసింది. పగలు డ్యూటీ అయ్యాక వెళ్ళి ఆ ఖాళీ ఇంటిని కుటుంబం ఉన్న ఇల్లుగా చేయడం మొదలుపెట్టాను. స్టవ్ కొన్నాను. నా భార్య వీడియోలో చూసి రంగు చెప్పిన కర్టెన్లు కట్టాను. పాపకు చిన్న మంచం బిగించాను, ఎత్తు సరిపోతుందో లేదో తెలియక దాని మీద నేనే ముడుచుకుని పడుకుని చూశాను. అబద్ధపు సాక్ష్యం తయారుచేస్తున్నట్టు ఒక పక్క సిగ్గు వేసేది. ఇంకో పక్క అంత సంతోషంగా నేను ఆ దేశంలో ఏ సాయంత్రమూ గడపలేదు.

తనిఖీకి మా ఫీల్డు ఇన్‌స్పెక్టరే వచ్చాడు. బోధన్ వైపు మనిషి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు. చెప్పులు బయట విడిచి, ప్రతి గదీ చూసి, వంటింట్లో గిన్నెలు ఎత్తి చూసి, చిన్న మంచం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆయన పిల్లలు నిజామాబాదులో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. నా ఇబ్బంది నేను చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపి, టాబ్లెట్ చూపించాడు.

"చూడు తమ్మీ, ఇందుల రెండే ఉన్నయ్. ఫ్యామిలీ, లేకుంటే బ్యాచిలర్. వస్తున్న ఫ్యామిలీ అని రాసేతందుకు జాగ లేదు. నేనేం రాయాలె?"

ఆయనే ఫ్యామిలీ అని నొక్కాడు. ఎంతమంది అని టాబ్లెట్ అడిగితే మూడు అని కొట్టాడు. కిందికి దిగేటప్పుడు, పాప రాంగనే ఖీర్ తినడానికి వస్తానని చెప్పి వెళ్ళాడు.

ఆ తర్వాత కాగితాలు ఇంకా మూడు చోట్ల ఆగాయి. స్కూలు వాళ్ళు ఒకసారి గడువు పెంచారు, రెండోసారి క్షమించమని సీటు ఇంకొకరికి ఇచ్చేశారు. వచ్చే ఏడాది చూద్దాంలే, ముందు మీరు రండి అన్నాను. నా భార్య సరేనంది. ఎండాకాలం గడిచింది. జగిత్యాలలో బళ్ళు తెరిచారు. తర్వాత కొద్ది రోజులకు, ఒక ఆదివారం పొద్దున్న, ఖతర్‌లో అది పనిరోజే, మా ఇల్లు పెట్రోలు బంకు మీదనుంచి లేచి తన బిల్డింగు స్థలంలోకి వచ్చింది. ఆ అంతస్తంతా వచ్చింది. కాంట్రాక్టు అదే రోజు రిజిస్టరైంది. ఇక వీసాకు పెట్టడమే మిగిలిందని నా భార్యకు ఫోన్ చేశాను. వీడియో ఆన్ చేసింది. ఆమె వెనకాల హాల్లో బ్యాగులు లేవు.

"ఇప్పేసిన," అంది. "పిల్లను మల్ల మా బడిలనే ఏసిన. నన్ను సుత రమ్మన్నరు, పోతున్న. ఆర్నెల్ల సంది మూటలు కట్టుకోని, రేపో ఎల్లుండో అనుకుంట కూసున్నం. పిల్ల ఎవ్వల్తోని దోస్తాన్ చేస్తలేదు, ఎట్లయిన పోతం గదా అని. ఇప్పుడిప్పుడే చేస్తున్నది. మీరు ఇల్లు మంచిగ జేసిన్రు. గని మేం ఈడనే ఉంటం."

కోపంగా అని ఉంటే వాదించేవాణ్ణి. అలసిపోయి అంది. రూల్స్ గురించి, ఆరేయడం గురించి, కంప్యూటరు గురించి నేను చెప్పగలిగిందంతా అంతకుముందే చాలాసార్లు చెప్పి ఉన్నాను. అందులో ఒక్కటీ అబద్ధం కాదు, ఒక్కటీ పాపకు స్నేహితుల్ని తెచ్చిపెట్టదు. సరే అన్నాను.

తాళం చెవి ఇచ్చేశాను. బ్రోకరు చిన్న మంచాన్ని కొత్తవాళ్ళకు వదిలెయ్యమన్నాడు, వాళ్ళకూ పిల్లలున్నారట. వాళ్ళు హైదరాబాదు కుటుంబం. వాళ్ళ కాంట్రాక్టు గంటలో రిజిస్టరైందనీ, ఇప్పుడా బిల్డింగుకు మ్యాపులో ఏ పేచీ లేదనీ బ్రోకరు ఫోన్ చేసి మరీ చెప్పాడు. నేనేదో చేసిపెట్టానన్నట్టు షుక్రన్ అని థాంక్స్ కూడా చెప్పాడు.

వారం తిరక్కుండా ఆ ఫ్లాటు వివరాలు మార్చమని అర్జీ నా టేబుల్ మీదికొచ్చింది. సూపర్‌వైజరుకు పంపబోయాను. ఆయన చూసి, ఇప్పుడిది నీ సొంత వ్యవహారం కాదు కదా, నువ్వే చెయ్యొచ్చు అన్నాడు. నిజమే. తెరిచాను. నివాసం ఫ్యామిలీ, ఉండేవాళ్ళు ముగ్గురు అని ఉంది. ఆ దేశంలో మేము ముగ్గురం కలిసి ఉన్న చోటు అదొక్కటే. మూడు చెరిపి ఐదు రాశాను, సేవ్ చేశాను, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.