యుగయుగాలంటే ఎన్నేళ్ళు?

నాకు అనుమానం నేర్పింది మా చుట్టాలు. నేను పుట్టిన పదకొండో రోజున కన్నతల్లి పోయింది. ఏడాది తిరక్కుండా నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. ఆ వచ్చినావిడనే నేను అమ్మా అన్నాను, ఇప్పటికీ అంటాను. కానీ ఇంటికొచ్చిన ప్రతి మేనత్తా నా గడ్డం పట్టుకుని, "సరిగ్గా పెడతందా నాన్నా?" అని గుసగుసగా అడిగి వెళ్ళేది. దాంతో కంచం ముందు కూర్చున్నప్పుడల్లా నా చేపముక్కనీ, చెల్లి చేపముక్కనీ పోల్చి చూసుకునేవాణ్ణి. చెల్లి అమ్మ కడుపున పుట్టిన పిల్ల. అయినా ఎప్పుడు చూసినా పెద్దముక్క నాదే. ఇదంతా లోకం కోసం వేస్తున్న వేషమని తేల్చుకున్నాను. తప్పు దొరక్కపోతే దొంగ మరీ గడుసువాడనుకునే రకం నేను. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

ఆ గుణానికి తగ్గట్టే సైన్సు మేస్టారినయ్యాను. ఉప్పలగుప్తం దగ్గర మా ఊరి నుంచి రోజూ అమలాపురం వెళ్ళి పాఠాలు చెప్పి వస్తాను. సాయంత్రం వసారాలో పదో తరగతి పిల్లలకు ట్యూషను. కిందటి అక్టోబరులో ఒకరోజు సూర్యుడి గురించి చెబుతున్నాను. ఇంకో ఐదువందల కోట్ల ఏళ్ళకు సూర్యుడు బాగా ఉబ్బి, ఆ తర్వాత చల్లారిపోతాడని చెప్పాను. ఎప్పటికో నక్షత్రాలన్నీ ఒక్కొక్కటే ఆరిపోతాయనీ, చివరికి చీకటీ చలీ తప్ప ఏమీ మిగలదని ఇప్పటి అంచనా అనీ కూడా చెప్పాను. అమ్మ గుమ్మం పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పిల్లలు వెళ్ళేదాకా ఆగి అడిగింది.

"ఏరా, యుగయుగాలంటే ఎన్నేళ్ళు?"

"దానికి లెక్కుండదమ్మా."

"నీ ఐదొందల కోట్ల కన్నా ఎక్కువా?"

"ఎక్కువే. అసలు అవ్వదు."

"అసలవ్వదా!" అంది.

ఆ గొంతులో సంతోషం లేదు. డెబ్బై దాటిన మనిషి, ప్రతి ఆదివారం చర్చిలో యుగయుగాల నిత్యజీవం కోసం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసే మనిషి, అది అవ్వదంటే సంతోషపడాలి కదా. నాకు ఎక్కడో తేడా కొట్టింది.

ఆ తర్వాత పది రోజులూ అదే వరస. అన్నం వడ్డిస్తూ, "అక్కడ ఒకళ్ళనొకళ్ళు గుర్తుపడతారంటావా?" అని అడిగేది. ఎందుకమ్మా అంటే, "ఏం లేదులే, తిను" అనేది. ఎవరో కొత్త బోధకుడు లోకాంతం వచ్చేసిందని బెదరగొట్టాడేమోనని చెల్లికి ఫోన్ చేసి ఆరా తీశాను. "నీకు అన్నీ అనుమానాలే అన్నయ్యా" అని పెట్టేసింది.

నవంబరు మొదట్లో మాకు సమాధుల పండుగ. పగలు సమాధులకు సున్నం వేసి, సాయంత్రం పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం. మా సమాధుల తోట రొయ్యల చెరువుల మధ్య ఉంటుంది. నాన్నకు ఒక పక్కన కన్నతల్లి ఉంది. రెండో పక్కన చోటు అమ్మకని నాన్న బతికుండగానే అట్టేపెట్టించారు. ఏటా అమ్మ మొదట సున్నం వేసేది కన్నతల్లి సమాధికే. మొదటి కొవ్వొత్తి నా చేత అక్కడే పెట్టిస్తుంది. అదీ ఊరి కోసమేనని నా చిన్నప్పటి తీర్మానం.

కిందటేడు నేను సున్నం బకెట్టు పట్టుకుని వెళ్ళేసరికి అమ్మ తాపీ మేస్త్రితో ఏదో మాట్లాడుతోంది. నన్ను చూసి ఇద్దరూ ఆపేశారు. అమ్మ బకెట్టు అందుకుని అటు నడిచాక మేస్త్రిని నిలదీశాను.

"చెప్పొద్దన్నారండి అమ్మగారు."

"నాకు చెప్పకూడని మాటేమిటి?"

"ఆయ్... నాన్నగారి పక్కన వద్దంటండి. పెద్దమ్మగారికి, అదేనండి మీ కన్నతల్లిగారికి, అటేపు చోటుందా అని అడిగేరండి. ఎందుకో చెప్పలేదండి."

నాన్న పక్కన వద్దట! ఇన్నేళ్ళ కాపురమూ వేషమేనన్నమాట. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా అనుమానం నిజమైందని ఒక్క క్షణం గెలిచినట్టే అనిపించింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. నేరుగా వెళ్ళి అడిగేశాను.

అమ్మ కుంచె ఆపలేదు. "మీ నాన్నతో నాకేం గొడవలేదురా. ప్రభువొచ్చే రోజున సమాధుల్లోంచి అందరం లేస్తాం కదా. లేవగానే నువ్వు ముందు అక్క దగ్గరికే వెళ్తావు. వెళ్ళాలి మరి, పాపం పదకొండు రోజులే చూసింది నిన్ను. నేను ఇటేపుంటే మధ్యలో మీ నాన్న అడ్డం. అక్క పక్కనే ఉన్నాననుకో, దాని దగ్గరికొచ్చినప్పుడు నేనూ కనపడతాను." కుంచె సున్నంలో ముంచింది. "కనపడకపోతే ఎలాగరా? యుగయుగాలంటే అసలు అవ్వదన్నావు కదా నువ్వే."

ఇన్నేళ్ళూ అనుమానించింది నేనొక్కణ్ణే అనుకున్నాను. నా కంచంలో పెద్దముక్క వేసిన ప్రతిసారీ, చివరికి వీడు నావాడు కాడేమోనని ఈవిడా భయపడుతూనే ఉంది. నేను ముక్కలు కొలుచుకుంటూ కూర్చున్నాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

చనిపోయినవాళ్ళు లేస్తారో లేదో నాకు తెలియదు. నక్షత్రాలు ఆరిపోతాయన్న లెక్కనే నేను పూర్తిగా నమ్మను. కానీ మేస్త్రిని పిలిచాను.

"అమ్మ అటేపు పడుకుంటే, ఆవిడకి అవతల ఇంకో చోటు పడుతుందా?"

"పడతదండి. ఎవరికండీ?"

"నాకే."

మా ఆవిడతో ఈ సంగతి ఇంకా చెప్పలేదు. అమ్మ మాత్రం కుంచె ఆపి, నా ముఖంలోకి అదోలా చూసింది.

"నన్ను ఊరుకోబెట్టడానికి అంటన్నావా?"

"లేదమ్మా. నిజం."

నమ్మినట్టు లేదు. "మేస్త్రీ," అంది, "తాడు తియ్యి. రెండు చోట్లూ ఇప్పుడే నా ఎదురుగా కొలిచెయ్యి."