ప్లేటు పాడితే శుభం

ఆ ఉదయం మా రేడియో మీద గుడ్డ ఇంకా తీయలేదు. రోజూ పొద్దున్నే ఆ అల్లిక గుడ్డ తీసి, దులిపి, మడిచి పక్కన పెట్టేది మా మేనత్త. ఇంట్లో ఇంకెవరూ ఆ పని చేసేవారు కారు. గుడ్డ చూసి అక్కడే నిలబడిపోయాను. అమ్మ వెనక నుంచి వచ్చి, "మీ అత్త పోయిందమ్మా, తెల్లారగట్ల" అంది. వారం నుంచి జ్వరంలో ఉన్నా, నిన్నటిదాకా గుడ్డ తనే తీసింది.

ఎదురింట్లో రాత్రి పెళ్లయింది. పొద్దున్న అప్పగింతలు. నాన్న మా ఆడవాళ్లందరినీ లోపలికి పిలిచాడు.

"ఆ పిల్ల గుమ్మం దాటీవరకూ ఎవులూ గొంతెత్తకండి. సుభకార్యం. మనింటి ఏడుపు ఆలకి ఇనబడకూడదు."

మేము ఏడవలేదు. వీధికి అటువైపు పెళ్లికూతురి తల్లీ, పిన్నులూ, అప్పచెల్లెళ్లూ బావురుమని ఏడుస్తున్నారు. ఇటువైపు శవం ముందు కూర్చున్నవాళ్లం పైటచెంగులు నోట్లో కుక్కుకున్నాం. మైకులో అప్పగింతల పాట వేశారు. పదేళ్ల కిందట బహుమతి వచ్చిన ఆ సినిమా పాట మీకూ తెలిసే ఉంటుంది. మా వైపు అది లేకుండా ఏ ఆడపిల్లా అత్తవారింటికి వెళ్లడం లేదు. ఆ పాట అయ్యాక మా అత్తను పెరటి వాకిట్లోంచి, సందు దారిన తీసుకుపోయారు.

కోపం తగ్గాక రాయమని మా కాన్వెంటు సిస్టరు ఒకరు సలహా ఇచ్చారు. తగ్గేలా లేదు. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

మా అత్త నాన్నకు చెల్లెలు. నాకు ఊహ తెలిసేటప్పటికే తెల్లచీరలో, మా ఇంట్లో, వంటింటి వెనక సామాన్ల గదిలో ఉండేది. భర్త పోయాక పుట్టింటికి తెచ్చేశారు. పెళ్లినాడు తలలో పెట్టిన మల్లెమొగ్గల వాసన గుర్తుంది గాని ఆయన ముఖం గుర్తులేదనేది.

ఆమె రేడియో పాటలు వినడం నాయనమ్మకు గిట్టేది కాదు. అందుకని పప్పు చేట ఒళ్లో పెట్టుకుని, రేడియో గొంతు బాగా తగ్గించి, చెవి దానికి ఆనించి వినేది. అలా వింటూనే ఈ పదేళ్లలో బహుమతులు వచ్చిన పాటలన్నీ నేర్చేసింది. ఏ పాటకు ఏ బహుమతి వచ్చిందో వారపత్రికలో చూసి చెప్పడం నా పని. ఆమె ఒక పట్టాన ఒప్పుకునేది కాదు.

"ఇచ్చినోల్లు కుర్సీల్లో కూకోని ఇన్నారా, పని సేస్తూ ఇన్నారా?"

"కుర్చీల్లోనే అయ్యుంటుంది, అత్తా."

"మరాల్లకేటి తెలుస్తాది? నాను రేపు సెప్తాను."

మర్నాడు మజ్జిగ చిలుకుతూ ఆ పాట పాడి చూసేది. కవ్వం తాడు లాగే చేతికీ పాటకీ పొత్తు కుదరాలి. కుదరకపోతే పెదవి విరిచేసేది. "వయొలిన్లు ఎత్తుకొని మోసుకెల్తన్నాయే దీన్ని. కిందకి దించితే నడవనేదు." ఎన్ని బంగారు పతకాలు మా మజ్జిగ కుండ దగ్గర ఓడిపోయాయో! అప్పగింతల పాట మాత్రం మొదటి రోజే నెగ్గింది. వెన్న తేలినా ఆమె కవ్వం ఆపలేదు. "ఇయ్యొచ్చు. దీనికి ఇయ్యొచ్చు" అంది.

కాన్వెంటులో పాటలప్పుడు నేను వెనక వరసలో నిలబడి పెదవులు మాత్రం కదిపేదాన్ని. ఆ సంగతి అత్తకు తెలుసు. "ఏటే కాన్వెంటూ, నోరు తెరు. ఈగలేటీ దూరిపోవులే" అనేది. నలుగురిలో ఒక్క మాటైనా మాట్లాడగలుగుతున్నానంటే అది ఆమె చలవే.

మా అక్క పెళ్లికి అప్పగింతల్లో ఆ పాట ఇంటి ఆడపిల్లలం పాడాలని, మమ్మల్ని కూర్చోబెట్టి నేర్పింది. తను పాడకూడదు. భర్త పోయిన మనిషి పెళ్లిపందిట్లో గొంతు విప్పితే పెళ్లికూతురికి కీడని మావాళ్ల నమ్మకం. సామాన్ల గది తలుపు ఓరగా తీసుకుని వింటానంది.

ఎత్తుకోవడమే మేము మరీ పైకి ఎత్తుకున్నాం. రెండో చరణానికి ఒక్కొక్క గొంతూ ఆగిపోయింది. అక్క చేతులు పాలపళ్లెంలో ఉన్నాయి. పందిరంతా మమ్మల్నే చూస్తోంది. అప్పుడు గదిలోంచి ఆమె గొంతు వచ్చింది. మేము వదిలేసిన చోట అందుకుని, కిందికి దించి, మెల్లిగా తిరిగి మాకే అప్పగించింది. మేము పాడాం. వియ్యపురాలు కళ్లు తుడుచుకుని, "ఎవులమ్మా ఆ తల్లి?" అని అడిగింది.

నాయనమ్మ విసవిసా లేచి వెళ్లింది. "ముండమోసినదానికి అప్పగింతల పాటొకటా! నోర్ముయ్యి!" తలుపు మూసి బయట గడియ పెట్టింది. నాన్న మైకువాడికి సైగ చేశాడు. వాడు అదే పాట గ్రామఫోను ప్లేటు వేశాడు.

"సుభమాని ఇప్పుడు బాగున్నాది" అంది నాయనమ్మ.

సాయంత్రం గడియ తీసింది నేనే. అత్త విస్తరాకులు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. "ఒసే, ఆ ప్లేటులో పాడినావిడికి మొగుడున్నాడో నేడో మీ నాయనమ్మ కనుక్కుందేటే?" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు.

మర్నాటి నుంచి మజ్జిగ మామూలుగానే చిలికేది. కవ్వం చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. పత్రికలో బహుమతుల సంగతి చదివితే "ఓహో" అనేది. అంతే.

అత్త పోయిన పదోరోజు భోజనాలకి చుట్టాలు వచ్చారు. "ఏటి గొంతమ్మా అది! రేడియోలో పాడాల్సిన గొంతు" అన్నారు ఒకరు. "బహుమానాలొచ్చినోల్లు దీని ముందు ఎందుకొస్తారు?" అన్నారు ఇంకొకరు. అందరూ ఆనాడు పందిట్లో ఉన్నవాళ్లే. నాయనమ్మ కళ్లొత్తుకుంటూ, "మా పిల్ల గొంతు బంగారం" అంది.

"మరి గడియ ఎవరు పెట్టారు, నాయనమ్మా?" అన్నాను.

విస్తళ్లలో చేతులు ఆగాయి. నాన్న "లోపలికెల్లు" అన్నాడు. నాయనమ్మ మాత్రం నన్నే చూస్తూ జవాబిచ్చింది. "నానే ఎట్టేను. ఎట్టకపోతే, రేపు మీ అక్కకి కాల్లో ముల్లిరిగినా దీన్నే అనీవోరు. ఈల్లే అనీవోరు."

అది నిజమే కావచ్చు. దానివల్ల నా కోపం తగ్గలేదు. ఇంకా చాలామంది మీదికి పాకింది.

ఇప్పుడు మజ్జిగ అమ్మ చిలుకుతోంది. రేడియో గుడ్డ నేను తీస్తున్నాను. దాని కుడిపక్క చెక్క మీద, ఆమె తల ఆనిన చోట, కొబ్బరినూనె మరక గుండ్రంగా ఉంది. తుడవొద్దని చెప్పాను.

మొన్న ఎదురింటివాళ్లు పలకరించడానికి వచ్చారు. "పోన్లెండి, పెద్దావిడ. కాలం ఎల్లదీసుకొని పోయింది" అన్నారు. ఎవరూ దిద్దలేదు.

మా అత్తకు ముప్పై నాలుగేళ్లు.