పాదరసం ఇంగ్లీషు పరీక్ష

పాదరసాన్ని కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టగలిగిన మహానుభావులు లోకంలో ఇద్దరే: మంగలి, పళ్ళ డాక్టరు. ఆ ఘనతైనా వాళ్ళ చేతిలోని ఆయుధానిదే తప్ప వాళ్ళది కాదు. ఇరవై ఆరేళ్ళుగా అతను లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో జనం పైకీ కిందికీ నిలకడగా పోతున్నారంటే, అతను నిలకడ లేకుండా తిరగబట్టే. తోటి మెకానిక్కులు పెట్టిన ఆ పేరు ఎంత బాగా అతికిందంటే, కోపం వచ్చినప్పుడు భార్య కూడా అలాగే పిలుస్తుంది.

యాభై ఒకటో ఏట మోకాళ్ళు మొరాయించాయి. లిఫ్టు గోతిలోకి ఇనప నిచ్చెన దిగేటప్పుడు కుడిది కటుక్కుమంటుంది, ఎక్కేటప్పుడు ఎడమది జవాబు చెబుతుంది. సూపర్‌వైజరు అయితే నిచ్చెన బాధ తప్పుతుంది. అయితే ఆ పదవికి ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలని కంపెనీ శాసనం. మూడుసార్లు రాయనిస్తారు. రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ ఒకే చోట బోర్లా పడ్డాడు: చివరి ప్రశ్న, పత్రికకు ఫీచర్ వ్యాసం, పాతిక మార్కులు. మూడోదీ పోతే, రిటైరయ్యేదాకా తొమ్మిదేళ్ళు ఆ గోతిలోనే.

చదువు చెప్పే భారం మరదలి మీద పడింది. ఆమె బడిలో ఇంగ్లీషు టీచరు. ఆదివారం పొద్దున్నే వచ్చి, అతను వంటింటికీ వరండాకీ మధ్య తిరుగుతుంటే, తనూ వెనకాలే తిరుగుతూ పాఠం చెప్పేది.

మొదటి ఫీచర్ వీధి చివరి పార్కు మీద. ఆమె పైకి చదివింది. "ఫిర్యాదు: ఉయ్యాల కిర్రుమంటోంది. కారణం: గ్రీజు లేదు. చేయవలసిన పని: గ్రీజు పెట్టుట. ఇట్లు, తమ విధేయుడు."

"ఏం, తప్పులున్నాయా?"

"తప్పొక్కటీ లేదు బావా. కానీ ఇది ఫీచర్ కాదు, పోస్టుమార్టం రిపోర్టు. పోయినవాళ్ళ గురించైనా ఇంతకంటే నాలుగు మంచి ముక్కలు రాస్తారు."

"పార్కు గురించి ఉన్నది చెప్పొద్దా?"

"చెప్పు. చదివేవాడు పక్క పేజీకి పారిపోకుండా చెప్పు. ముందు కాలరు పట్టుకు లాగే దృశ్యం ఒకటి. తర్వాత ఒక మనిషి. ఆ మనిషి నోటినుంచి ఒక మాట, కొటేషన్లలో. మాట లేకపోతే ఐదు మార్కులు గోవిందా."

"మాట ఎక్కణ్ణుంచి తేను?"

"పుట్టించు. 'ఈ పార్కే మా ప్రాణం, అన్నాడొక ముసలాయన' అని రాసెయ్. ఆ ముసలాయన్ని వెతుక్కుంటూ ఎవరూ రారు."

పాదరసం ఆగిపోయాడు. నిజంగానే, కాళ్ళతో సహా. "అది నావల్ల కాదు. ఎక్కకుండా సంతకం పెట్టమన్నట్టుంది."

లిఫ్టు బాగుచేశాక కిందినుంచి పైదాకా మూడుసార్లు తనే ఎక్కి దిగితే తప్ప అతను పుస్తకంలో సంతకం పెట్టడు. ఈ నియమం కంపెనీలో అందరికీ ఉంది, పాటించేవాడు ఒక్కడే. ఎవరూ అనని మాటను అన్నట్టు రాయడమంటే, అతని లెక్కలో, ఎక్కని లిఫ్టుకు పూచీ పడడమే.

"అక్కా, మీ ఆయన్ని పంపుతున్నది పరీక్షకా, కోర్టులో సాక్ష్యానికా?"

"ఏదైతేనేం, ఓ పూట కూర్చుంటాడు. పంపెయ్," అంది అక్క వంటింట్లోంచి.

ఆనాటినుంచి పాదరసం జేబులో నోటుబుక్కుతో మాటల వేటకు బయల్దేరాడు. పార్కు కాపలాదారు, టీకొట్టామె, పోస్టుమాన్ ఎవరినీ వదల్లేదు. లిఫ్టు ఆపి మరీ "మీ పని గురించి ఒక్క మాట" అని అడిగేవాడు. ఆరో అంతస్తు గుమాస్తాలు మెట్లెక్కడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి నూట పద్దెనిమిది మాటలు పోగయ్యాయి, ప్రతిదాని కిందా అన్నవాళ్ళ సంతకంతో.

పరీక్షనాడు ఆ నోటుబుక్కును సంచితో పాటు హాలు బయటే పెట్టమన్నారు. ముందే తట్టవలసిన సంగతి. టీచరుగారికీ తట్టలేదు, శిష్యుడికీ తట్టలేదు.

మిగతా ప్రశ్నలన్నీ ముగించి చివరిదానికి వచ్చేసరికి నలభై నిమిషాలు మిగిలాయి. "అందరి కళ్ళెదుటా ఉన్నా ఎవరూ చూడని ఒక పని గురించి ఫీచర్ రాయండి. ఆ పని చేసేవారి మాటలు చేర్చండి." నూట పద్దెనిమిదీ బుర్రలో గిర్రున తిరిగాయి. టీకొట్టామె "పొద్దున్నే లేవాలి" అందా, "పొద్దున్నే లేవలేను" అందా? రెండింటికీ మధ్య ఒక జీవితమంత తేడా ఉంది. బల్లకింద కాలు దడదడలాడింది; ముందు బల్లవాడు తిరిగి గుడ్లురిమాడు. ఎవరో ముసలాయన్ని పుట్టిద్దామని కొటేషన్ గుర్తు కూడా పెట్టాడు. పెన్ను అక్కడే నిలబడిపోయింది. తొమ్మిదేళ్ళ నిచ్చెన మెట్టు మెట్టుగా కళ్ళముందు దిగింది.

తలెత్తాడు. ఎదురుగా ఇన్విజిలేటరమ్మ నడుస్తోంది. రెండు గంటలుగా నడుస్తూనే ఉంది. పాదరసం చెయ్యెత్తాడు.

"ఎడిషనల్ పేపరా?"

"కాదండీ. ఒక్క మాట. ఇంతసేపు నిలబడితే మీకు కాళ్ళు లాగవా?"

"మీరొచ్చింది పరీక్షకా, పరామర్శకా?"

"అది కాదండీ, ఎన్నేళ్ళనుంచి..."

"ఇంకోసారి నోరు తెరిస్తే పేపరు లాక్కుంటాను. పదకొండేళ్ళుగా ఈ ఒక్క ముక్కే చెబుతున్నా, ఒక్కరూ వినరు!" అని బల్లమీదున్న అతని నంబరును ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళింది.

పాదరసం గుండె గోతిలోకి జారింది. చేయి మాత్రం ఆగలేదు. ఆవిడన్న ముక్కను వేడిమీదే ఇంగ్లీషులో పెట్టి, కొటేషన్ గుర్తు మూసేశాడు. తర్వాత కంటికి కనిపించిందల్లా రాశాడు: కదిలి చప్పుడు చేసే పలక రాళ్ళను తప్పించి ఆవిడ అడుగు వేయడం, నీడ ఎవరి కాగితం మీదా పడకుండా కిటికీ దగ్గర వంగడం, గోడమీద అగ్నిప్రమాద సూచనలను తొమ్మిదోసారి చదవడం, ఎవరూ చూడడం లేదనుకుని ఎడమ కాలి చెప్పు విప్పి మడమను బల్ల కోడుకు రుద్దుకోవడం. రాసినంతసేపూ బల్లకింద కాలు కదలలేదు. ఆ సంగతి అతను గమనించలేదు.

గంట కొట్టారు. ఆవిడ కాగితాలు తీసుకుని, నిలబడే చదివింది.

"నేనన్నది ఒక్క ముక్క. మూడు పేజీలేం రాశారు?"

"మిగతాది చూశానండీ."

ఆవిడ మళ్ళీ పేజీలోకి చూసింది. "ఎడమ కాలు కాదు. కుడి కాలు."

పాదరసం పెన్ను మూత లాగాడు.

"గంట కొట్టాక దిద్దకూడదు," అని ఆవిడ కాగితాలను కట్టలో కలిపేసింది. చీటీని మడిచి హ్యాండుబ్యాగులో వేసుకుంది.

ఆ చీటీ ఎవరికి చేరిందో తెలియక అతను ఆరువారాలు ఇల్లంతా కొలిచాడు. ఆపైన కాలి సంగతొకటి. ఎదురుగా నిలబడ్డ మనిషికి కుడి ఎడమలు తారుమారవుతాయని చిన్నపిల్లాడికైనా తెలుసే! పరీక్షల కార్యాలయానికి సవరణ ఉత్తరం రాస్తానంటే, భార్య ఇంట్లో ఉన్న పెన్నులన్నీ దాచేసింది.

ఫలితాల కాగితం మరదలే పట్టుకొచ్చింది. నలభై వస్తే పాసు. వచ్చినవి నలభై నాలుగు.

"బావా, గట్టెక్కావ్! ఇక నిచ్చెన దిగక్కర్లేదు. ఫీచర్ ఒక్కదానికే పదిహేడు. పాతికకి పదిహేడు! నా క్లాసు పిల్లలకే అన్ని రావు."

భార్య చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. పాదరసం కాగితం అందుకుని, ఆ అంకెను వరండాదాకా తీసుకెళ్ళి వెలుతుర్లో చూసి, వెనక్కి వచ్చాడు.

"ఆ పోయిన ఎనిమిదీ కాలివే," అన్నాడు.